పవర్‌తో పాటు మైలేజీ కూడా పెరుగుద్దని చెప్పి అమ్మటం ఆపించండి

ఎడిటర్ గారికి నమస్కారమండి. అమలాపురం, రాజోలు, రావులపాలెం ఎక్కడ చూసినా కుర్రాళ్ళు బళ్ళకి సైలెన్సర్లు మార్పించేస్తన్నారు, అందరూ ఆ సౌండు గురించే మాట్లాడతన్నారు గానీ పెట్రోల్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. బిగించేవాళ్ళేమో పికప్పూ పెరుగుద్ది, మైలేజీ కూడా పెరుగుద్ది అని చెప్తన్నారు. ఇది నిజం కాదండి.

గ్రాము పెట్రోల్ సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఫుల్ పవర్ కావాలంటే దాన్ని 13కో 12.5కో దించుతారు, అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోస్తారన్నమాట, ఆ ఎక్కువ పోసింది సగం సగం మండి సైలెన్సర్లోంచి పోద్ది. పాత కార్బురేటర్ బళ్ళకి ఫ్రీ ఫ్లో, అంటే పొగ అడ్డు లేకుండా పోయే సైలెన్సర్, వేసి ఎయిర్ ఫిల్టర్ పీకేస్తే గాలి ఎక్కువై ఇంజన్ వేడెక్కిపోద్ది, దానికోసం మెయిన్ జెట్, అంటే పెట్రోల్ వచ్చే కన్నం, పెద్దది వేస్తారు, ఇంక మైలేజీ ఎక్కడుంటది? పైగా ఇసక లారీలు తిరిగే రోడ్లలో ఫిల్టర్ లేకపోతే ఆ దుమ్మంతా పిస్టన్ రింగుల్లోకే. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొగ రూల్స్) బళ్ళలో ఆక్సిజన్ సెన్సర్ గాలి, పెట్రోల్ పాళ్ళలో చిన్న చిన్న తేడాల్ని సర్దేస్తది, అందుకని ల్యాప్‌టాప్ పెట్టి ఈసీయూ మ్యాపే, అంటే పెట్రోల్ ఎంత పోయాలో చెప్పే కంప్యూటర్ లెక్కే, మార్చేస్తన్నారు. వెనక స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ళ చక్రం) పెద్దది వేస్తే అదే 50 స్పీడుకి ఇంజన్ ఇంకా ఎక్కువ తిరగాలి.

సరిగ్గా కొలిచి ట్యూన్ చేస్తే, నిదానంగా తోలితే మైలేజీ పెద్దగా పడకపోవచ్చు, కాదనను. కానీ పవర్ కోసం డబ్బులు పోసినోడు నిదానంగా ఎందుకు తోలతాడండి? అసలు మన కాలవ గట్టు రోడ్ల మీద, ఎదురుగా రొయ్యల వ్యాన్ వస్తే పక్కకి దిగాల్సిన చోట, ఆ పవర్ వాడేదెక్కడ? లీటరు కాస్త చవకని ఎదుర్లంక బ్రిడ్జి దాటి యానాంలో ట్యాంకు నింపించుకునే ఇళ్ళు మనవి, ఆ మిగిల్చింది కాస్తా ఇలా పోతంది.

మోటారు వాహనాల చట్టం 182ఏ ప్రకారం అనుమతి లేకుండా బండి మార్పిస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 ఫైను, లేదంటే 6 నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. కుర్రాడిని ఆపి ఫైను రాస్తే సరిపోదండి, రవాణా శాఖ వాళ్ళు ఆ బిగించిన షాపుకి కూడా వెళ్ళాలి. ఏ పార్టు మార్చారు, ఏ సెట్టింగ్ మార్చారు అన్నది బిల్లు మీద రాయించాలి, మైలేజీ పెరుగుద్దని బోర్డు పెట్టినోళ్ళ చేత ఆ బోర్డు తీయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ముమ్మిడివరం