వారంటీలో ఉన్న క్రోమ్‌బుక్ విషయమై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మరమ్మతు చేయకుండానే నా ఫిర్యాదును పదే పదే మూసివేయడం గురించి.

ఆర్యా,

మీ సొంత వెబ్‌సైటులో కొన్న నా క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ అనే సిస్టమ్‌తో నడిచే ల్యాప్‌టాప్), ఆన్ చేయగానే క్రోమ్ ఓఎస్ లేదు లేదా పాడైంది అన్న తెర దగ్గర ఆగిపోతోంది. పెన్‌డ్రైవ్‌తో రికవరీ చేస్తే, అంటే క్రోమ్ ఓఎస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కిస్తే, కొన్నాళ్లు నడిచి మళ్లీ అక్కడికే వస్తోంది. యంత్రమన్నాక పాడవుతుంది, దానికి నేను మిమ్మల్ని నిందించడం లేదు. పాడైందని తెలియజేసిన నాటి నుంచి మీ సంస్థలో ఏ ఒక్కరూ నేను రాసింది చదవకపోవడమే నా ఆగ్రహానికి కారణం.

కస్టమర్ కేర్‌లో మొదట మాట్లాడినాయన సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో చూడమన్నారు. ఇది విండోస్ కాదని చెప్పగా, లైన్‌లో ఉండమని పాట వినిపించి, తిరిగి వచ్చి, యాంటీవైరస్ వేసుకున్నారా అని అడిగారు. తర్వాత మాట్లాడినామె దూరం నుంచే సరిచేస్తామంటూ విండోస్‌లో మాత్రమే నడిచే ఒక ఎగ్జి (.exe) ఫైలు లింకు పంపారు. క్రోమ్ ఓఎస్‌లో ఆ ఫైళ్లు నడవవని, పైగా నా ల్యాప్‌టాప్ అసలు తెరుచుకోవడమే లేదని చెప్పినా, ముందు అది ఇన్‌స్టాల్ చేస్తేనే ఫిర్యాదు ముందుకు వెళ్తుందన్నారు. మరొకరు పవర్‌వాష్ చేయమన్నారు, అంటే అన్నీ చెరిపి కొత్తదానిలా మార్చమన్నారు; లాగిన్ తెర కూడా రాని యంత్రంలో అది ఎక్కడి నుంచి చేయాలో మాత్రం చెప్పలేదు. అందరికంటే నన్ను బాధపెట్టింది, ఇది క్లౌడ్ ల్యాప్‌టాప్ కాబట్టి మీ ఊళ్లో నెట్ బలహీనంగా ఉండటమే కారణమని తేల్చేసిన సూపర్‌వైజర్ గారు. క్రోమ్ ఓఎస్ ఆ యంత్రం లోపలి స్టోరేజీలోనే ఉంటుంది, ఆన్ కావడానికి నెట్ అక్కరలేదు. అమ్మే సంస్థకు ఈ మాత్రం తెలియకపోతే కొన్నవాళ్లు ఎవరిని అడగాలి?

పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నంలోని మీ సర్వీసు సెంటర్‌కు వెళ్తే, ఈ మోడల్‌కు ఇక్కడ విడిభాగాలు లేవు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి అన్నారు. కస్టమర్ కేర్ వారేమో సర్వీసు సెంటర్‌కు వెళ్లమన్నారు. ఈ మధ్యలోనే మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని మెసేజ్ వచ్చింది. కాలేదని బదులు రాస్తే పాత టికెట్ మూసి కొత్త నంబరు ఇచ్చారు, కొత్త వ్యక్తికి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ తరహా ల్యాప్‌టాప్ మంచి చెడ్డలు తెలిసే నేను కొన్నాను. 4 జీబీ ర్యామ్‌తోనే చురుగ్గా పనిచేస్తుంది, ఆన్ అయిన ప్రతిసారీ తన సిస్టమ్‌ను తానే తనిఖీ చేసుకుంటుంది, యంత్రం పోయినా ఆన్‌లైన్‌లో గూగుల్ డ్రైవ్‌లో దాచిన పాఠాలు పోవు. బడిలో పిల్లలకు పాఠం చెప్పే నాకు ఇవి చిన్న లాభాలు కావు. కొండల్లో సిగ్నల్ పోయినప్పుడు, ముందుగా ఆఫ్‌లైన్‌కు పెట్టుకున్న ఫైళ్లే తెరుచుకుంటాయని, యంత్రంలోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నవి రికవరీ చేస్తే తుడిచిపెట్టుకుపోతాయని కూడా తెలుసు. నా మోడల్‌లో స్టోరేజీ బోర్డుకే అతికి ఉన్నందున బయటి మెకానిక్ దాన్ని మార్చలేడు. అంటే నాకు మీ సర్వీసు సెంటర్ తప్ప దిక్కు లేదు, సరిగ్గా అక్కడే మీరు చేతులెత్తేశారు.

ఇంకొక నష్టం మీ దృష్టికి తెస్తున్నాను. 2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు 10 ఏళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఆ గడువు నేను కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్‌కు ఆధారమైన హార్డ్‌వేర్ ప్లాట్‌ఫామ్ విడుదలైన నాటి నుంచి లెక్క. మీరు నన్ను తిప్పుతున్న ప్రతి నెలా ఆ గడువులోంచి తరిగిపోతోంది.

మా ఇంట్లో మొదటి కంప్యూటర్ మీ కంపెనీదే. మా బడిలో తోటి ఉపాధ్యాయులు నా మాట మీద మీ ల్యాప్‌టాప్‌లే కొన్నారు. ఇప్పుడు వాళ్లు నీది బాగైందా మాస్టారూ అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. బోర్డు మార్చి ఇస్తారో, వేరే యంత్రం ఇస్తారో, డబ్బే వాపసు చేస్తారో, ముందు ఈ ఉత్తరం ఆసాంతం చదివి నిర్ణయించండి.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం మీరు ఈ ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, ఆపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నేను నివసించే చోటే కేసు వేసుకునే హక్కు ఇచ్చింది కాబట్టి మీ ప్రధాన కార్యాలయం ఎంత దూరాన ఉన్నా నాకు ఇబ్బంది లేదు. మీ మెసేజ్‌లు, మూసేసిన టికెట్ల నంబర్లు అన్నీ భద్రపరిచాను.

జవాబు కింద దాన్ని రాసిన అధికారి పేరు, హోదా, నేరుగా మాట్లాడగల ఫోను నంబరు ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా.