వార్షిక నివేదిక 2024–25: మన స్థానిక వాచకం ఎక్కడిదాకా వచ్చింది

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నాను. ఆ నియమం లేకపోయినా ఈ ఏడు రాసేవాణ్ణే. చేసిన పని ఎక్కువ, దాన్ని చూసినవాళ్లు తక్కువ.

ఏడాదంతా ఒకటే పని. 3, 4, 5 తరగతుల పిల్లల కోసం మనం తయారు చేసుకున్న 32 పేజీల స్థానిక వాచకాన్ని సర్కారు బళ్లలో వాడుకోనిమ్మని అనుమతి అడగడం. ముందే చెప్పేస్తున్నా, పూర్తి అనుమతి రాలేదు. మన తిరుపతి జిల్లా వరకు లైబ్రరీ పీరియడ్‌లో చదివించుకోవచ్చని మాత్రం వచ్చింది. నోటిమాట కాదు, కాగితం మీదే ఉంది. కావలసినవాళ్లు నా దగ్గర చూడొచ్చు.

"హెడ్మాస్టరు సరే అంటే చాలదా?" అని కొత్త సభ్యులు అడుగుతున్నారు. చాలదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ బళ్లలో ఏం చెప్పాలో నిర్ణయించేది ప్రభుత్వం నోటిఫై చేసిన సంస్థ. మన రాష్ట్రంలో అది ఎస్సీఈఆర్టీ, అంటే రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి. పిల్లలు ఊళ్లో చూసేదానికీ బడిలో చదివేదానికీ లంకె ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. 2020 విద్యావిధానం కూడా స్థానిక అంశాలు ఉండాలంటుంది. ఆ మాటలు పట్టుకుని మనం నేరుగా పైకి రాశాం. మండల విద్యాధికారి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారి (డీఈఓ) వరసలో రావాలని ఫైలు వెనక్కి వచ్చింది. ఆ తప్పు మనదే.

ఆ తర్వాత జరిగినదానికి మాత్రం బాధ్యత మనది కాదు. ఒక ఆఫీసులో మన ఫైలు నాలుగు నెలలు కనిపించలేదు. వెళ్లిన ప్రతిసారీ "సీటు మారింది సార్, వచ్చే వారం రండి" అన్నారు. చివరికి అక్కడి అటెండరే జాలిపడి వెతికితే బీరువా మీద కొత్త సంవత్సరం క్యాలెండర్ల కట్ట కింద దొరికింది. ఎలకలు ఒక మూల రుచి చూశాయి, పాఠాలు మాత్రం క్షేమం.

పరిశీలనకు వెళ్లిన కాపీ మీద వచ్చిన దిద్దుబాట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, దీని మీద మనలో మనకే గొడవ జరిగింది కాబట్టి. ఎర్రగడ్డలు కొట్టేసి ఉల్లిపాయలు అని రాశారు. చెనిక్కాయలు వేరుశనగ అయ్యాయి, బొరుగులు మరమరాలు అయ్యాయి. శ్రీకాళహస్తి కలంకారీ పాఠంలో గుడ్డను కరక్కాయ రసంలో, ఎనుము పాలలో నానబెడతారని రాశాం కదా, ఆ ఎనుము కాస్తా గేదె అయింది. చూసి నాకూ ఒళ్లు మండింది. మన పెద్దాయన ఒకరైతే "మాటలు పోయాక ఇంకేం పుస్తకం" అని లేచి వెళ్లిపోయారు, మళ్లీ మీటింగుకు రాలేదు. ఆయన కోపంలో న్యాయం ఉంది. కానీ రేపు పరీక్షలో రాయాల్సింది పిల్లలే కదా. మన మాట పాఠంలో ఉంచి, పాఠ్యపుస్తకంలోని మాట పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇస్తామని రాసి పంపాం. ఒప్పుకున్నారు. ఎనుము బతికింది.

కొన్ని దిద్దుబాట్లు న్యాయమైనవే. మన జిల్లాలోని గుడిమల్లం గుళ్లో ఉన్న శివలింగాన్ని "ప్రపంచంలోనే మొట్టమొదటిది" అని రాసుకున్నాం. పక్కన "ఆధారం?" అని ప్రశ్న పెట్టారు. మన దగ్గర లేదు. "మనకు తెలిసిన అతి పాత శివలింగాల్లో ఒకటి" అని మార్చాం. జిల్లా పటం సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినా మన వాచకంలో ఇంకా 66 మండలాల పాత చిత్తూరు జిల్లానే ఉండింది. కొత్త పటం గీసిన డ్రాయింగ్ మాస్టారితో "మళ్లీ మారుస్తారేమో, పెన్సిల్‌తో గీయండి సార్" అన్నాను.

ఇక ఫిబ్రవరిలో చంద్రగిరి వైపు ఒక బళ్లో జరిపిన అవ్వల సభ. ఈ ఏడు మనం గట్టిగా చెప్పుకోగలిగింది అదే. డిసెంబర్ 7న అన్ని సర్కారు బళ్లలో జరిగిన మెగా పేరెంట్ మీటింగులో ఒక బెంచీ మీద మన వాచకాలు పెట్టాం. అమ్మానాన్నలు తిరగేసి పెట్టేశారు, వెంట వచ్చిన అవ్వలు మాత్రం బొమ్మలు చూస్తూ కదల్లేదు. ఆలోచన అక్కడే పుట్టింది. ఆ రోజు అవ్వలే టీచర్లు. ఒకావిడ తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం ఏ వరసలో వస్తాయో చెప్పింది. ఇంకొకావిడ రోలు ముందేసుకుని ఊరిబిండి, అదే రోటి పచ్చడి, నూరింది. చూడ్డానికి వచ్చిన అధికారి కోస్తా వైపు మనిషి. ఎర్రగడ్డ అంటే ఏమిటని నిజంగానే అడిగారు. "పెరుగన్నంలోకి నంజుకుంటామే, అదే నాయనా" అని అవ్వ ఒకటి చితక్కొట్టి ఆయన చేతిలో పెట్టింది. పిల్లలు ఒకటే నవ్వు. ఆయన కళ్లు తుడుచుకుంటూ తిన్నారు. లైబ్రరీ పీరియడ్ కాగితం ఆ తర్వాతి వారమే వచ్చింది. ఎర్రగడ్డ వల్లే అని నేననను.

ఆ సభకు వస్తామని గ్రూపులో పేరు ఇచ్చిన సభ్యులు పద్నాలుగు మంది. వచ్చింది ముగ్గురు. ప్రూఫులు దిద్దే రోజున ఇద్దరం, అందులో ఒకరు మా ఆవిడ, ఆమె సభ్యురాలు కూడా కాదు. గ్రూపులో దండం బొమ్మలు పెట్టినంత సులువుగా ప్రూఫులు దిద్దుకుపోవు. ఎవరినీ పేరు పెట్టి అనడం లేదు, ఎవరికి వారికే తెలుసు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంచుతారు. ఆడిట్ అయింది, అప్పు లేదు, ప్రెస్సు బాకీ ఒకటి తప్ప. చందా బకాయిలు వసూలైతే అదీ తీరుతుంది.

అచ్చు డబ్బు కోసం ఏడాదిగా ఒక్క మాట అనని ప్రెస్సు యజమానికి, అక్షరాలు కూర్చిన డీటీపీ అమ్మాయికి, బొమ్మలేసిన డ్రాయింగ్ మాస్టారికి, బడి ఇచ్చిన హెడ్మాస్టరమ్మకు, ఎరువుల కొట్టు మీది గదిని మీటింగులకు ఉచితంగా ఇచ్చిన ఓనరుకు, అవ్వలను ఇంటి నుంచి తెచ్చి మళ్లీ దిగబెట్టిన ఇద్దరు ఆటో తమ్ముళ్లకు, మధ్యాహ్న భోజనం వండే అక్కలకు, ఫైలు వెతికిపెట్టిన ఆ అటెండరుకు సంఘం తరఫున దండాలు. అధ్యక్షుల వారు నాతోపాటు ప్రతి ఆఫీసుకూ మెట్లెక్కారు, మోకాళ్ల నొప్పులతోనే. ఎవరి పేరైనా మరిచిపోతే మన్నించాలి, సభలో గుర్తు చేయండి.

దిద్దిన వాచకాన్ని జూన్‌లో మళ్లీ పైకి పంపాలి. దాని కోసం సభలో తీర్మానం కావాలి, కోరం ఉండేటట్టు రండి. వాచకాల కట్టలు మా ఇంట్లో మెట్ల కింద ఉన్నాయి. బడి తెరిచేలోపు ఎవరి మండలానివి వారు వచ్చి తీసుకెళ్లాలి. సంచీ తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి, తిరుపతి