కొత్తవారిని కాలువలోనే దించండి

సంపాదకుల వారికి,

అయ్యా,

సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు చూసినప్పటి నుంచి, ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన ట్రయాథ్లాన్ కోనసీమలోనూ జరగాలని మా ప్రాంతపు యువకులు గట్టిగా కోరుకుంటున్నారు. ఆ కోరికను నేను మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. అయితే తొలిసారి పాల్గొనేవారిని, ఏళ్ల తరబడి సాధన చేసినవారిని ఒకే నీటిలో, ఒకే వేళకు దించవద్దని నిర్వాహకులకు నా విన్నపం.

ట్రయాథ్లాన్ అనగానే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన పూర్తి మారథాన్ ఉండే ఐరన్‌మ్యాన్ తలపుకొచ్చి చాలామంది వెనకడుగు వేస్తారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరిన పోటీ దూరాలు 1.5, 40, 10 కిలోమీటర్లు మాత్రమే. స్ప్రింట్ పోటీలో అవి సగానికి తగ్గుతాయి. కొత్తవారికి ఇంకా తగ్గించినా తప్పులేదు. ముగ్గురు కలిసి తలా ఒక భాగం పూర్తిచేసే రిలే పద్ధతీ ఉంది.

అసలు ప్రమాదం ఈతలోనే ఉంది. ఈ పోటీల్లో సంభవించిన మరణాల్లో అధికభాగం ఈత దశలోనివేనని వైద్య పరిశోధనలు తేల్చాయి. అరటిబోదె పట్టుకుని రేవులో ఈత నేర్చిన మన పిల్లలకు నీటి భయం లేదన్నది నిజమే కాని, గుంపులో ఎవరి మడమో మొహానికి తగిలి ఒక గుక్క నీళ్లు మింగితే, ఊపిరి అందని ఆ కంగారులో వచ్చిన ఈత కూడా అక్కరకు రాదు. అందుచేత పదేసి మందిని కొన్ని నిమిషాల ఎడంతో వదలాలి. అలసినవారు పట్టుకుని ఆగడానికి పడవలు వెంట ఉండాలి.

ఇందుకు ఏటికంటే కాలువ మేలు. అలసినవారికి గట్టు దగ్గరలో ఉంటుంది, ఒడ్డునున్నవారికి ప్రతి తలా కనబడుతుంది. అయితే లాకుల దగ్గర నీటి లాగుడు ఎంత బలంగా ఉంటుందో ఇక్కడివారందరికీ తెలుసు కనుక, ఈత హద్దును వాటికి బాగా దూరంగా పెట్టాలి. పైకి తేలే గుర్రపుడెక్కను మాత్రమే తీసి ఊరుకోకుండా, రేవు మెట్ల పక్కన నీటి అడుగున కాళ్లకు చుట్టుకునే తూడును కూడా తీయించాలి. ఊళ్ల మురుగు ఈ కాలువల్లోనే కలుస్తోంది కాబట్టి నీటిని పరీక్ష చేయించి, ఫలితాన్ని ముందుగానే అందరికీ తెలియజేయాలి.

కాలం ఎంపిక కూడా ముఖ్యమే. వరదల రోజుల్లో గోదావరి ఎంతకు తెగిస్తుందో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగినప్పుడు చూశాం. వేసవిలో కాలువలు కట్టేస్తారు. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీరు పారుతూ, ఎండలు ముదరని జనవరి, ఫిబ్రవరి నెలలే తగినవి. మంచు విడిచాకే ఈత మొదలుపెట్టాలి.

అనుభవజ్ఞులకు గోదావరి వశిష్ఠ, వైనతేయ పాయలు ఉండనే ఉన్నాయి. సముద్రానికి చేరువైన కొద్దీ పోటు పాట్ల వేళలు లెక్క చూసుకుని ఈదవలసి వస్తుంది, అదే వారికి అసలైన పరీక్ష. మ్యాపు, దిక్సూచి చేతబట్టి కయాక్ మీదా కాలినడకనా సాగే సాహస పందేనికి కూడా మన లంకలు చక్కగా సరిపోతాయి. ఎటు చూసినా ఒకేలా కనిపించే కొబ్బరి తోటల మధ్య సరైన పుంతదారి పట్టుకోవడం మాటలు కాదు. తోటల రైతుల అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి.

సైకిల్ భాగాన్ని రద్దీ రోడ్ల మీద కాకుండా ఏటిగట్టు మీద పెట్టి, ఆ పూట వాహనాలను మళ్లించాలి. బ్రేకులు సరిగా పనిచేసే మామూలు సైకిలుతో వచ్చినవారిని వెనక్కు పంపకూడదు, కాని హెల్మెట్ బిగించకుండా ఎవరినీ సైకిల్ ముట్టనివ్వకూడదు. అంతర్జాతీయ నిబంధనలు చెప్పేదీ అదే. ప్రవేశ రుసుము నగరాల్లో మాదిరి వేలల్లో పెడితే మన ఊళ్ల పిల్లలు గట్టున నిలబడి చూడవలసిందే.

జిల్లా యంత్రాంగం, జలవనరుల శాఖ కలిసి, వచ్చే దాళ్వా నీటికే ఒక చిన్న పోటీ నిర్వహించాలనీ, రక్షణ పడవల పనిని స్థానిక మత్స్యకారులకు తగిన కూలి చెల్లించి అప్పగించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజోలు, కోనసీమ జిల్లా