ఈ ఏడాది లెక్కాపత్రం, దాంతోపాటు పక్షుల ఆట సంగతి: మన అపార్టుమెంటు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ముందు మామూలు విషయాలు తేల్చేస్తా. బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండోసారి కొత్తదే వేయించాం, బిల్లు నోటీసు బోర్డు మీద ఉంది. వినాయక చవితి బాగా జరిగింది. సంక్రాంతి ముగ్గుల్లో ఫస్టు ప్రైజు గొడవ ఇంకా తెగలేదు, నేను ఆ జోలికి పోను. కార్తీకంలో వనభోజనాలకు వాన అడ్డం పడితే హాల్లోనే విస్తళ్లు వేసుకున్నాం.

ఇక లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్లూ నన్నడిగే ప్రశ్న: ఆదివారం సాయంత్రం హాల్లో బల్ల చుట్టూ అంతమంది చేరి ఏంది చేస్తుంటారు? పేకాట కాదండీ. రూపాయి కూడా చేతులు మారదు.

ఆ ఆట పేరు వింగ్‌స్పాన్. ఎలిజబెత్ హార్‌గ్రేవ్ అనే అమెరికా ఆవిడ తయారుచేసింది, 2019లో వచ్చింది, అదే ఏడాది జర్మనీలో పెద్ద అవార్డు కూడా కొట్టింది. మూడో అంతస్తువాళ్ల అబ్బాయి బెంగళూరు నుంచి తెచ్చి హాల్లో వదిలిపోయాడు, అంటే మెయింటెనెన్సు డబ్బుతో కొన్నది కాదు, కోశాధికారిని ఎవరూ నిలదీయక్కర్లేదు. 170 పక్షుల కార్డులు, అడవి, గడ్డి నేల, చిత్తడి నేల అని మూడు వరసలున్న బోర్డు, చిన్న చిన్న గుడ్లు, పాచికలు దొర్లించడానికి పిచ్చుక గూడులాంటి ఒక అట్ట డబ్బా. అష్టాచెమ్మా కన్నా బరువైన ఆటే గానీ చదరంగమంత బుర్ర పగిలేది కాదు.

మొదటి ఆదివారం మాత్రం నేనే చెడగొట్టాను. రూల్సు పుస్తకం పట్టుకుని ముప్పావుగంట పాఠం చెప్పా. తిండి గుర్తులు ఐదు రకాలు, గూళ్లు ఇన్ని రకాలు, పవర్లలో (అంటే పక్షి కార్డు మీద రాసుండే ప్రత్యేక పనుల్లో) గోధుమ రంగువి వేరు, గులాబీ రంగువి వేరు అని నేను చెప్పుకుంటూ పోతుంటే ఒక అక్కయ్య పప్పు మాడుతుందని లేచిపోయింది, పిలకాయలు గుడ్లతో గోలీలాట మొదలుపెట్టారు. లెక్కల మాస్టారైతే మొహమాటం లేకుండా అన్నారు: “అబ్బాయ్, ఆడిస్తావా, పరీక్ష పెడతావా?”

రెండో వారం పుస్తకం ఇంట్లోనే పెట్టి వచ్చా. నీ వంతు వస్తే నాలుగే పనులు: పక్షిని దించు, తిండి తెచ్చుకో, గుడ్లు పెట్టించు, కార్డులు తీసుకో. ఇంతే చెప్పి మొదలుపెట్టించా. మూడు వరసలకూ అడవి, బీడు, చెరువు అని పేర్లు పెట్టుకున్నాం. మొదటి రౌండులో అందరి కార్డులూ బల్ల మీద తెరిచే ఉంచాం, ఎవరైనా ఎవరికైనా సలహా ఇవ్వొచ్చు. గులాబీ పవర్లున్న కార్డులు ముందే ఏరి పక్కన పెట్టేశా. అసలు ఆట నాలుగు రౌండ్లు, 8, 7, 6, 5 చొప్పున ఒక్కొక్కరికి 26 వంతులు వస్తాయి, ఆ రోజుకి రెండు రౌండ్లతోనే ఆపేశాం. “అప్పుడే అయిపోయిందా” అని పప్పు మాడిన అక్కయ్యే అడిగింది.

అందరూ తడబడేది ఒక్కచోటే. చెరువు వరసలో కార్డులు తీసుకున్నాక అక్కడ ఇంతకుముందు దించిన పక్షుల పవర్లు కుడి నుంచి ఎడమకు ఒక్కొక్కటే వాడుకోవాలి. నోటితో ఎంత చెప్పినా ఎక్కలేదు. గుర్తుబిళ్లను వేలితో పట్టుకుని ఒక్కో పక్షి మీద ఆపుతూ ఎడమకు జరిపి చూపించా, “ఓ, బస్సు స్టాపుల్లో ఆగినట్టా!” అని ఆరో క్లాసు పిల్ల పట్టేసింది. ఇప్పుడు కొత్తవాళ్లకు ఆ పాపే నేర్పిస్తోంది, నాకన్నా నయం.

మాస్టారు పులిజూదంలో పేరున్న మనిషి. మేకను చంపని ఆట ఆటేనా అని మొదట్లో పెదవి విరిచారు, ఎందుకంటే ఇందులో ఎదుటివాడి పక్షుల్ని మనం ఏమీ చెయ్యలేం, ఎవరి బోర్డు వాళ్లదే. నాకైతే అదే నచ్చింది, ఓడినవాళ్లు మొహం మాడ్చుకుని పోరు. చివరి రౌండులో ఆయన పెద్ద పక్షి కోసం తిండి పోగేస్తూ కూర్చున్నారు. కింది ఫ్లాటు బామ్మ మాత్రం బీడు వరస నిండా పక్షుల్ని దించి, వంతు వచ్చినప్పుడల్లా గుడ్లే పెట్టించింది. ఆట చివర గుడ్డుకు ఒక పాయింటు, మిగిలిన తిండికి సున్నా. బామ్మ గెలిచింది. మాస్టారు రెండు వారాలు అదే లెక్క వేసుకుంటూ తిరిగారు.

కార్డుల మీద ఇంగ్లీషు పెద్ద అడ్డంకి, అది ఒప్పుకోవాలి. ముఖ్యమైనవాటికి తెలుగు చీటీలు అతికించాం, మిగతా చోట చదవగలిగిన పిలకాయను పెద్దవాళ్ల పక్కన జతగా కూర్చోబెడుతున్నాం. ఇంకోటి, ఇవన్నీ ఉత్తర అమెరికా పక్షులు. గూడబాతు (పెలికాన్) కార్డు వచ్చినప్పుడు ఇది మన నేలపట్టు పక్షుల కేంద్రంలోదే కదా అని వాదన లేచింది. ఆ వాదన తీర్చడానికే జనవరిలో పదిమందిమి కార్లు మాట్లాడుకుని నేలపట్టు పోయొచ్చాం (2022లో జిల్లాలు విడగొట్టాక అది తిరుపతి జిల్లాలోకి పోయింది, మన నోటికి మాత్రం ఇంకా నెల్లూరుదే). కార్డు మీద ఉన్న తెల్లది నేల మీద గూడు కడుతుంది, మనవి నీళ్లలో మునిగిన చెట్ల మీద కడతాయి.

వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన: దీనికే ఆసియా పక్షుల పెట్టె 2022లో వచ్చింది, అందులో నెమలి కూడా ఉంది, ఇద్దరే ఉన్నా ఆడుకోవచ్చు. కొందామా వద్దా అన్నది జనరల్ బాడీలో చేతులెత్తి చెప్పండి. పేచీ లేకుండా ఆడేవాళ్లే తలా ఇంత వేసుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

మూడేళ్ల లోపు పిల్లల్ని ఆ బల్ల దగ్గరికి రానీయకండి, గుడ్లు అచ్చం చాక్లెట్ బిళ్లల్లా ఉంటాయి. మొత్తం 75 ఉండాలి, పోయిన వారం లెక్కపెడితే 74 వచ్చాయి. నీలం గుడ్డు మెట్ల దగ్గరో లిఫ్టులోనో కనబడితే వాచ్‌మన్‌కి ఇవ్వండి.