సంతకానికి ముందు తెలుగులో చెప్పండి

సంపాదకునికి,

మా నాన్నగారి ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. క్లినికల్ ట్రయల్ (కొత్త మందు పనితీరును రోగులపై పరీక్షించే అధ్యయనం) మాట ఎత్తగానే బంధువులు "మనిషి మీద ప్రయోగాలా!" అని గోల. నిజానికి ఇలాంటి ట్రయల్స్‌లో చాలావరకు మామూలు వైద్యం ఆపరు. దానికి కొత్త మందో, మందు లేని మాత్రో కలుపుతారు. ఎవరికి ఏదన్నది లాటరీయే, అదీ ముందే చెబుతారు. క్లినికల్ ట్రయల్స్‌పై కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. వద్దనుకుంటే ఎప్పుడైనా తప్పుకోవచ్చు.

చిక్కల్లా ట్రయల్‌లో చేరే ముందు సంతకం చేసే సమ్మతి పత్రంతోనే. మేం వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో దళసరి ఇంగ్లిష్ కట్ట చేతికిచ్చి, పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి "ఇక్కడ సంతకం" అన్నారు. తెలుగు ప్రతి అడిగితే విసుగు! రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నది రూలే కదా. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి)లోనైనా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా ట్రయల్స్ గురించి తెలుగులో చెప్పే డెస్క్ ఒకటి పెడితే శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకూ ఉపయోగం.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం