బూన్స్‌బరో చూపించనందుకు, ఆపై పట్టించుకోనందుకు ఫిర్యాదు

మేనేజర్ గారికి,

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మీరు నడిపే చారిత్రక యాత్రలో హారడ్స్‌బర్గ్ కోట చూపించి, బూన్స్‌బరో కోటకు వెళ్లాల్సిన బస్సును షాపింగ్ మాల్‌కు మళ్లించారు. అక్కడితో ఊరుకునేవాణ్ణే. ఆ తర్వాత మీ సిబ్బంది నన్ను తిప్పిన తీరే సహించలేకపోతున్నాను.

గైడును అడిగితే ఆఫీసులో మాట్లాడమన్నారు. ఆఫీసువారు బుకింగ్ విభాగానికి కలిపారు. అక్కడి అమ్మాయి నంబరు రాసుకుని, గైడు నివేదిక రావాలంటూ ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే ఇంకొకరు, మళ్లీ అదే నంబరు, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడం. ఈమెయిళ్లకు జవాబే లేదు. చివరికి దొరికిన సూపర్‌వైజరు నన్ను పూర్తిగా చెప్పనివ్వకుండానే, "రెండూ కొయ్య కోటలే కదండీ, ఒకటి చూస్తే రెండోదీ చూసినట్టే" అన్నారు.

హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన నాకు ఆ మాట గుచ్చుకుంది. హారడ్స్‌బర్గ్ 1774లో జేమ్స్ హారడ్ బృందం మొదలుపెట్టిన ఊరు. బూన్స్‌బరో కథ వేరు. 1775లో రిచర్డ్ హెండర్సన్ కంపెనీ అక్కడి ఆదివాసులైన చెరోకీల నుంచి భూమి కొన్నామంటూ, డేనియల్ బూన్ చేత కంబర్లాండ్ కనుమ గుండా అడవి కొట్టించి బాట వేయించింది. ఆ బాట కెంటకీ నది ఒడ్డున ఆగిన చోటే బూన్స్‌బరో. ఆ అమ్మకాన్ని చెరోకీ నాయకుడు డ్రాగింగ్ కనూ అప్పుడే ఎదిరించాడు. ఆ కొనుగోలు చెల్లదని, అప్పట్లో ఆ ప్రాంతం తనదేనన్న వర్జీనియా 1778లో తేల్చింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే షానీ అనే మరో ఆదివాసీ తెగ యోధులు బూన్స్‌బరో కోటను ముట్టడించి, నది గట్టు నుంచి సొరంగం తవ్వుకుంటూ వస్తే వానలకు అది కూలిపోయింది. ఇప్పుడున్న కోట తర్వాత కట్టిన నమూనా అని నాకూ తెలుసు. నేను చూడాలనుకున్నది ఆ గట్టును. అది హారడ్స్‌బర్గ్‌లో ఎక్కడ ఉంటుంది?

మా అమ్మాయి దగ్గరికి అమెరికా వచ్చినప్పుడల్లా మీతోనే ప్రయాణించాం. నయాగరా వెళ్లినా, వాషింగ్టన్ వెళ్లినా మరో కంపెనీ గడప తొక్కలేదు. తెలిసినవాళ్లందరికీ మీ పేరే చెప్పాను. అంతటి నమ్మకానికి ఒక్క ఫోను చేసేపాటి విలువ కూడా ఇవ్వరా?

చూపించని చోటుకు తీసుకున్న డబ్బు సంగతి ఎలాగూ తేల్చాలి. దానికంటే ముందు, బాధ్యత ఉన్నవారెవరైనా నాతో నేరుగా మాట్లాడి, నేను చెప్పేది చివరిదాకా వినాలి. ఈ నెలాఖరులోగా అది జరగకపోతే, మీ కరపత్రంతో సహా రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో ఫిర్యాదు చేస్తాను. ఇక్కడి తెలుగువారికి కూడా జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇట్లు,
మీ పాత ప్రయాణికుడు