నల్లోడినీ బుజ్జినీ బాతుల్నీ కాపాడిన మా గల్లీవాళ్లకు

నిన్న నా చేతి కట్టు విప్పారు. వేళ్లు ఇంకా సరిగ్గా వంగడం లేదు, అయినా ఈ చేత్తో ముందుగా రాయాల్సింది ఇదే అనిపించింది. ఈ ఆరు వారాలూ మా ఇంట్లో నల్లోడు, బుజ్జి అనే రెండు ముసలి కుక్కలు, ఐదు బాతులు, ఇంటిచుట్టూ ఉన్న తోట క్షేమంగా ఉన్నాయంటే అది హైదరాబాద్ ఓల్డ్ అల్వాల్‌లోని మా గల్లీవాళ్ల చలవే. ఇంటింటికీ వెళ్లి చెప్పాను. కానీ ఎవరు ఏం చేశారో ఒకరి సంగతి ఇంకొకరికి పూర్తిగా తెలియదు. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

జూన్ చివర్లో ఒకరోజు పొద్దున్నే బాతుల తొట్టిలో నీళ్లు మారుస్తుంటే పాచి మీద కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు, బరువు ఎత్తకూడదు, తడి తగలకూడదు అన్నారు డాక్టరుగారు. ఆసుపత్రిలో కూర్చున్నంతసేపూ నొప్పి కంటే నల్లోడి సెలైన్ గురించే టెన్షన్. ఆ రోజు వాడికి ఎక్కించాల్సిన రోజు.

నల్లోడికి 14 ఏళ్లు. ఒక వానాకాలం రాత్రి మావారు ఆఫీసు నుంచి వస్తూ బస్టాపులో వణుకుతున్న కుక్కపిల్లని చొక్కాలో పెట్టుకుని తెచ్చారు. మావారు పోయి నాలుగేళ్లు. గేటు చప్పుడైతే వాడు ఇప్పటికీ తల ఎత్తి చూస్తాడు. పోయిన ఏడాది నుంచి వాడి కిడ్నీలు సరిగ్గా పనిచేయడం లేదు, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగేది) 3.6 వచ్చింది. రోజు విడిచి రోజు చర్మం కింద 200 మిల్లీలీటర్ల రింగర్ ల్యాక్టేట్ అనే సెలైన్ ఎక్కించాలి. వెనక కాళ్లలో పట్టు పోయింది, పొట్ట కింద తువ్వాలు వేసి పైకి పట్టుకుంటేనే నాలుగడుగులు వేస్తాడు. బుజ్జికి 12 ఏళ్లు. లాబ్రడార్ కలిసిన పిల్ల. రెండు కళ్లకూ శుక్లాలు, తుంటి కీళ్లనొప్పులు. ఈ మధ్య రాత్రిళ్లు లేచి ఇల్లంతా తిరుగుతుంది, తలుపు వెనక మూలలోకి వెళ్లి వెనక్కి రావడం తెలియక గోడకేసి నిలబడిపోతుంది. మనుషుల్లో మతిమరుపు వచ్చినట్టే కుక్కలకూ వస్తుందట. వీళ్లిద్దరినీ రెండు చేతులతో చూసుకోవడమే కష్టం.

పుణె నుంచి మా అమ్మాయి వచ్చి నాలుగు రోజులుంది, ఆఫీసు సెలవు అంతే దొరికింది. కుక్కల్ని ఉంచుకునే చోటు ఒకటి కనుక్కుంటే, ఇంత వయసున్న వాటిని, అందులోనూ సూది మందు వేయాల్సిన దాన్ని తీసుకోం అన్నారు. ఒకరిద్దరు చుట్టాలు, ఇంకెందుకు కష్టపడతావు, ఇంజెక్షన్ ఇప్పించి పంపించెయ్ అన్నారు. నా మీద జాలితోనే అన్నారని తెలుసు. కానీ మా పశువైద్యుడు చాలా ఓపిగ్గా చెప్పిన మాట ఇది. తింటున్నాడా, నీళ్లు తాగుతున్నాడా, మనిషిని చూస్తే తోక ఆడిస్తున్నాడా, నొప్పి మందుతో ఆగుతోందా అని రోజూ చూడండి. చెడ్డ రోజులు మంచి రోజుల కంటే ఎక్కువైనప్పుడు మనం మాట్లాడుకుందాం, ఇప్పుడు కాదు అన్నారు. ఆ నెలలో గిన్నె చప్పుడు వినగానే నల్లోడి తోక ఆడుతూనే ఉంది.

మొదటి రోజు రాత్రి తొమ్మిదింటికి గేటు తీసుకుని వచ్చింది మూడో ఇంటి అమ్మాయి. స్టాఫ్ నర్సుగా పనిచేస్తుంది, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. "ఆంటీ, మనుషులకు రోజూ పెడతాను, కుక్కకు ఎప్పుడూ పెట్టలేదు. ఎలాగో చెప్పండి, నేర్చుకుంటా" అంది. నేను చెప్పాను, ఫోన్లో పశువుల డాక్టరుగారూ చెప్పారు. సెలైన్ సంచిని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, భుజాల మధ్య చర్మం గుడారంలా పైకి లేపి, ఆ మడతలోకి సూది పెట్టాలి. ఎక్కిన నీరంతా వీపు మీద బుడగలా ఉబ్బి నెమ్మదిగా ఒంట్లోకి ఇంకుతుంది. మొదటిసారి ఆ ఉబ్బు కాలి మీదికి జారితే ఆ అమ్మాయి భయపడింది. అది మామూలే, పొద్దుటికల్లా తగ్గుతుంది అని డాక్టరుగారు చెప్పాక కుదుటపడింది. ఆ రోజు నుంచి నైట్ డ్యూటీ అయితే పొద్దున, డే డ్యూటీ అయితే రాత్రి, ఒక్క విడత కూడా తప్పలేదు. ఎక్కుతున్నంతసేపూ వాడి తల ఒళ్లో పెట్టుకుని చెవులు నిమిరేది. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన పిల్ల మళ్లీ నేల మీద అరగంట కూర్చోవడం నేను ప్రతిసారీ చూశాను. అమ్మా, నీ రుణం నేను తీర్చుకోలేను.

మూలింటి సుబేదార్ తాతగారి సంగతి కొంచెం పెద్దగా చెప్పాలి.

బాతుల్ని చీకటి పడకముందే గూట్లో పెట్టి గొళ్లెం వేయాలి. మా వైపు ముంగిసలు ఎక్కువ, ఒక్క రాత్రి మర్చిపోయినా తెల్లారేసరికి మిగలవు. ఆ పని తాతగారు తీసుకున్నారు. కానీ బాతులు ఆయన మాట వినలేదు. ఆయన ఇటు నుంచి వస్తే అవి అటు నుంచి అరటిచెట్ల వెనక్కి వెళ్లిపోయేవి. 76 ఏళ్ల మనిషి కర్ర పట్టుకుని వానలో ముప్పావు గంట తిరిగారు. మూడో రోజు నాకే బాధేసి, తాతగారూ, ఇన్నేళ్లూ వాటిని తోలింది నల్లోడండీ, సాయంత్రమైతే వాడే వెనకాల నడిచేవాడు, కాళ్లు పడిపోయాక నేను వాడి బదులు తోలుతున్నాను అన్నాను.

మర్నాడు ఆయన తన మనవణ్ణి వెంటపెట్టుకుని వచ్చారు. వరండాలో పడుకున్న నల్లోడి పొట్ట కింద తువ్వాలు వేసి మనవడు ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకున్నారు. మెల్లగా మెట్టు దింపారు. నల్లోడు ముందు కాళ్లతో నడుస్తూ, వెనక భాగం వాళ్ల చేతుల్లో తేలుతూ, గోంగూర మడి పక్కనుంచి బాతుల వెనక్కి చేరాడు. మొరగలేదు, తల కాస్త వంచి నిలబడ్డాడంతే. ఐదు బాతులూ మెడలు చాచి ఒకసారి చూసి, వరుసగా గూటి వైపు నడిచాయి. అన్నీ లోపలికి వెళ్లాక నల్లోడు గూటి తలుపు దగ్గర ఆగి వాసన చూశాడు, పాత రోజుల్లో చేసినట్టే. తాతగారు గొళ్లెం వేసి "డ్యూటీ అయిపోయింది, పద" అన్నారు వాడితో. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. మావారు ఉన్న రోజుల్లో సాయంత్రం మా ఇల్లు ఇలాగే ఉండేది.

ఆ తరువాత రోజూ ఆరున్నరకు అదే పని. ఆ పది నిమిషాల నడక వల్ల నల్లోడి ఆకలి కూడా మెరుగైందని నా నమ్మకం. తాతగారూ, మీ మోకాళ్ల నొప్పి మాత్ర సగం వాడికి వేద్దామా అని మీరు ప్రేమతో అడిగారు. వేసేయకుండా ముందు అడిగినందుకు ప్రత్యేకంగా దండం పెడుతున్నాను. మనుషుల నొప్పి మాత్రలు చాలావాటితో కుక్కల కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా వద్దు.

బాతుల మేత, నీళ్లు ఇంటర్ చదివే అబ్బాయి చూశాడు. బాతులు తెల్లవారుజామున గుడ్లు పెడతాయి, అందుకని ఎనిమిది దాటేదాకా వదలొద్దన్నాను, లేకపోతే గుడ్లన్నీ తోటలో ఎక్కడెక్కడో పెట్టేస్తాయి. కాలేజీ బస్సు ఎనిమిదింపావుకి. ఆ పదిహేను నిమిషాల్లో గుడ్లు తీసి, తొట్టి కడిగి, తవుడూ నూకలూ తడిపి పెట్టి పరుగెత్తేవాడు. తినేటప్పుడు బాతులకు పక్కనే తల ముంచేంత లోతు నీళ్లు ఉండాలని, లేకపోతే మేత గొంతులో పడుతుందని, ముక్కు కూడా కడుక్కోలేవని చెబితే, రెండో బకెట్ కూడా తనే తెచ్చి పెట్టాడు. తొట్టి కడిగిన నీళ్లు వృథా పోనివ్వకుండా చామదుంపలకూ అరటికీ పోశాడు, ఆ చామ ఆకులు ఇప్పుడు నా నడుము ఎత్తున్నాయి. కుక్కలు ఆ నీళ్లు తాగకుండా తడిక కూడా కట్టాడు. ఎలుకలు తిరిగే చోట నిలవ నీళ్లతో కుక్కలకు లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఈ అబ్బాయి చేసిన ఇంకో పని నాకు చాలా పెద్దది. జూలై ముసురులో తవుడు బస్తా ముక్కవాసన వస్తోందని పట్టుకున్నాడు. చేత్తో కలిపి చూస్తే లోపల ఉండలు కట్టి పచ్చని బూజు. నన్ను అడిగి మొత్తం పారేసి, జేబులో డబ్బులతో కొత్తది తెచ్చాడు. బూజు పట్టిన మేతలో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కోళ్లు కాస్తోకూస్తో తట్టుకుంటాయి గానీ బాతులు తట్టుకోలేవు. ఆ పూట అది వేసి ఉంటే ఈ రోజు నా గూడు ఖాళీ. బాబూ, డబ్బులు తీసుకోనన్నావు, కనీసం నా ఆశీర్వాదం తీసుకో.

ఎదురింటి అక్క తోటను తన తోటలాగే చూసుకుంది. బెండ కోసింది, దొండ పాదుకు పందిరి ఎత్తింది, తోటకూర మడిలోకి బాతులు రాకుండా వల కట్టింది. వానలకు నత్తలు విపరీతంగా వచ్చాయి. ఎవరో మంచి మనసుతోనే నత్తల మందు గుళికలు తెచ్చి చల్లబోతే అక్క చేయి పట్టుకుని ఆపింది. ఆ గుళికలు కుక్క తింటే వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు, కళ్లు కనబడని బుజ్జి నేలంతా వాసన చూస్తూ తిరిగే పిల్ల. బదులుగా అక్క పొద్దున్నే బాతుల్ని ఒక గంట బెండ వరుసల మధ్య వదిలింది. వారం తిరిగేసరికి నత్తలు కనబడలేదు. మందు తెచ్చిన తమ్ముడికి కూడా నా కృతజ్ఞతలు, నా మొక్కల కోసం ఆలోచించినందుకు.

బుజ్జి నడిచే దారిలో టైల్స్ మీద జారుతోందని పాత యోగా మ్యాట్లు తెచ్చి పరిచిన ఇద్దరు అక్కాచెల్లెళ్లకు, నల్లోణ్ణి స్కానింగ్‌కి నారాయణగూడ పశువైద్యశాలకు తీసుకెళ్లిన ఆటో అన్నకు కూడా నా కృతజ్ఞతలు. కుక్క అనగానే చాలా ఆటోలు ఆగవు. ఆయన సీటు మీద పట్టా పరిచి, గుంతలు వచ్చిన చోటల్లా నెమ్మది చేసి, రెండు గంటలు బయట ఎదురుచూసి, వెయిటింగుకి డబ్బులు తీసుకోలేదు.

బోనాల సంగతి రాయకుండా ఉండలేను. చూపు పోయాక బుజ్జికి చప్పుళ్లంటే చాలా భయం. పోయిన ఏడాది డప్పుల మోతకు మంచం కిందకు దూరి రెండు రోజులు తిండి ముట్టలేదు. ఈసారి మా గల్లీ కుర్రాళ్లు ముందురోజే వచ్చి, "ఆంటీ, తొట్టెల ఊరేగింపు మీ గేటు ముందు నుంచే పోతది, మేం చూసుకుంటం" అన్నారు. మా ఇంటికి నాలుగిళ్ల ముందు డప్పులు ఆగిపోయాయి. అంతమందీ, ఆడుతున్న వాళ్లు కూడా, నిశ్శబ్దంగా మా గేటు దాటి, మలుపు తిరిగాక మళ్లీ తీన్మార్ అందుకున్నారు. బోనం ఎత్తుకున్న అక్కలు వెళ్తూ వెళ్తూ లోపలికి చూసి దండం పెట్టారు. బుజ్జి నా కాళ్ల దగ్గర పడుకునే ఉంది. అమ్మవారి పండుగ నాడు ఒక గుడ్డి కుక్క కోసం డప్పు ఆపిన పిల్లలు మీరు. మీ అమ్మానాన్నలకు నా నమస్కారాలు.

ఇప్పుడు అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. మొన్నటి పరీక్షలో నల్లోడి క్రియాటినిన్ 3.4. పెద్దగా తగ్గలేదు, పెరగలేదు, డాక్టరుగారు దానికే సంతోషపడ్డారు. బుజ్జి రాత్రిళ్లు హాల్లో చిన్న లైటు వేసి ఉంచితే కాస్త తక్కువ తిరుగుతోంది. సెలైన్ ఇకనుంచి నేనే ఎక్కించగలను. కానీ నల్లోణ్ణి ఎత్తే బలం నా మణికట్టుకు ఇంకో నెల రాదన్నారు. కాబట్టి తాతగారూ, సాయంత్రం ఆరున్నరకు మీరు రావాలి. వాడు ఆరింటి నుంచే గేటు వైపు తిరిగి పడుకుంటున్నాడు.

గుడ్లు ఒక బుట్ట నిండాయి, బెండకాయలు, చామాకు కూడా ఉన్నాయి. ఆదివారం పొద్దున వచ్చి తీసుకెళ్లండి. నాకు అన్నం, కూరలు పంపిన డబ్బాలు మా వంటింట్లో తొమ్మిది మిగిలాయి. ఒకదాని మూత మీద ఎర్ర దారం కట్టి ఉంది, ఒకదానికి చెయ్యి విరిగింది. ఒక నల్ల గొడుగు, పిల్లల రెయిన్‌కోటు కూడా ఉన్నాయి. అన్నీ కడిగి వరండాలో బల్ల మీద పెట్టాను. ఎవరివి వాళ్లు చూసుకుని తీసుకోండి.